గాజు బీరువాలోని క్లోరోఫారం మాస్కు గారికి

మహారాజశ్రీ మాస్కు గారికి,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నం తమ దర్శనభాగ్యం కలిగింది. భోజనానికి వెళ్లిన తాళంచెవి తిరిగొచ్చేదాకా వరండాలోనే ఉన్నాను. ఆపరేషన్‌కు ముందు మత్తిచ్చి మనుషులను పడుకోబెట్టడం తమ వృత్తి, కూర్చోబెట్టడం మ్యూజియం వారిది. గదిలో ఫ్యాను తిరగదు, ట్యూబులైటు మినుకుమంటుంది. అదీ సరే.

కానీ ఆ చీటీ ఏమిటండీ? "లోహపు వస్తువు, 19వ శతాబ్దం." అంతే! పక్కన తమరు: వంపు తిరిగిన తీగల చట్రం, గుడ్డను బిగించి పట్టే సన్నని రింగు, పిడి దగ్గర తుప్పు మచ్చలు. కాపలాదారు తొంగిచూసి, "టీ వడపోసేదేమో సార్" అన్నాడు. అతని తప్పేముంది? ఆ చీటీని నమ్ముకుంటే నేనూ చక్కెర ఎక్కడని అడిగేవాణ్ణి.

గుడ్డమీద చుక్కచుక్కగా పడిన ఆ మందే కదా హైదరాబాద్ పేరును లండన్ దాకా మోసింది! 1888లో ఒకటి, 1889లో మరొకటి, ఇక్కడ రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫారం గుండెను ఆపదన్న ఇక్కడి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాదనేదో తేల్చమని ఆరో నిజాం వెయ్యి పౌండ్లు ఇస్తే, లండన్ వైద్య పత్రిక లాన్సెట్ డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను ఓడెక్కించింది. ఇదే ఊళ్లో రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫారం ఇచ్చారు, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరయ్యారు. చీటీలో ఆమె పేరుకు చోటు లేదు. సగం చీటీ ఖాళీగానే ఉంది.

పోనీ, గొప్పలు రాయడానికి మొహమాటమైతే పాపాలైనా రాయవచ్చు. నువ్వేమీ తక్కువ తినలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి నీ మందుకే బలైంది. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని మన కమిషన్ కుక్కలమీద, కోతులమీద ప్రయోగాలు చేసి ఘంటాపథంగా చెప్పింది. మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే డాక్టరు పిల్లులమీద చూపించాడు. ఈలోగా ఆ ధీమాతో ఎన్ని బల్లలమీద నాడి పట్టుకోవడం మానేశారో!

ఇంత కథకు నాలుగు వాక్యాలు ఖర్చుపెట్టలేనివాళ్లకు బీరువా ఎందుకు? తాళం ఎందుకు? నిన్ను పాత ఇనుప సామాన్ల కొట్లో వేసినా "లోహపు వస్తువు" అనే రాసుకుంటారు. పైగా వాళ్లు బరువు కూడా రాస్తారు.

ఇట్లు,
నీ పక్కన చేతిరాత చీటీ అంటించబోయి కాపలాదారుకు దొరికిపోయిన
ఒక సందర్శకుడు