ఈ రేటుకి బాగానే ఉందండీ

అబద్ధమని తోసెయ్యలేనిదీ, నిజమని నమ్మలేనిదీ అయిన వాక్యం తెలుగులో ఒకటుంది. 'ఈ రేటుకి బాగానే ఉందండీ.' పెళ్ళి భోజనం గురించి ఎవరూ ఇలా అనరు. పులుసులో ఉప్పు తక్కువైతే తక్కువైందనే అంటాం, అదీ పెళ్ళివారికి వినబడేలా. చవక డిజిటల్ కెమెరా కొన్నవాడు మాత్రం ఎవరు అడిగినా ఈ ఒక్క మాటే చెప్తాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా. ఆ దొంగల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ విషయం మీద రాసే అధికారం నాకు సంపూర్ణంగా ఉందని మనవి.

2009లో నేను బెంగళూరు మారతహళ్ళిలో 6,990 రూపాయలు పెట్టి అరచేతిలో ఇమిడే కెమెరా ఒకటి కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. వాళ్ళు నాకేం ద్రోహం చెయ్యలేదు. పెట్టె మీద రాసినవన్నీ కెమెరాలో ఉన్నాయి, రాయనివి కూడా ఉండటమే చిక్కు. లోపల వెలుతురుని ఫోటోగా మార్చే సీసీడీ అనే చిప్పు ఉండేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టిన విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకి సరిగ్గా నేను కెమెరా కొన్న 2009లోనే భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అంటే నోబెల్ కమిటీ, నేను ఒకేసారి సీసీడీ గొప్పతనాన్ని గుర్తించాం. వాళ్ళు బహుమతి ఇచ్చారు, నేను ఈఎంఐ కట్టాను.

ఆ చిప్పు సైజు 1/2.3 అంగుళం అని రాస్తారు. వింటే దాదాపు అరంగుళం అనిపిస్తుంది. అది పాతకాలపు వీడియో కెమెరా ట్యూబుల నాటి లెక్క. అసలు చిప్పు వెడల్పు 6 మిల్లీమీటర్ల చిల్లర, ఎత్తు నాలుగున్నర, అంటే కందిపప్పు బద్దంత. అందులో వెలుతురు పట్టే చుక్కలు, అంటే పిక్సెళ్ళు, కోటి కాపురం ఉండాలి. మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. గది అదే, కిటికీ అదే, మంచాలు మాత్రం ఏటా రెండు పెరుగుతాయి. ఒక్కొక్కరికి దక్కే గాలీ వెలుతురూ తగ్గుతాయి. సాయంత్రం ఆరు దాటాక తీసిన ఫోటో నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు కనిపించేవే, అవి వెలుతురు చాలక ఆ పిక్సెళ్ళు పెట్టిన మొర. పీజీ ఓనరు వినడు, కెమెరా కంపెనీ అసలే వినదు. మరుసటి ఏడాది మోడల్‌లో ఇంకో పాతిక లక్షల మంచాలు వేసింది.

ఇక బ్యాటరీలు. రెండు పెన్సిల్ సెల్లులతో నడుస్తుందని షాపువాడు ఎంతో గొప్పగా చెప్పాడు. నిజమే, నడిచేది, తప్పటడుగులు వేసే పిల్లాడిలాగా. మా గోడ గడియారంలో ఏడాది బతికే సెల్లు ఇందులో ఏడు ఫోటోలకే ప్రాణం విడిచేది. దీంట్లో సెల్లు తప్పు లేదు. కిళ్ళీకొట్లో దొరికే మామూలు జింక్ కార్బన్ సెల్లు గడియారానికి చుక్క చుక్కగా కరెంటు ఇవ్వగలదు. కెమెరా అలా కాదు, లెన్సు బయటికి తోయడానికీ ఫ్లాష్ నింపుకోవడానికీ ఒక్కసారిగా బిందెడు అడుగుతుంది. వోల్టేజి కూలబడుతుంది. 'బ్యాటరీలు మార్చండి' అనే అక్షరాలు తెర మీద ఒక్క క్షణం మెరిసి, నాలుక బయటపెట్టినట్టు లెన్సు అలాగే వదిలేసి కెమెరా నిద్రపోతుంది. అప్పుడు టీవీ రిమోట్ దగ్గర మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న విద్య పనికొచ్చేది. సెల్లులు తీసి అరచేతుల మధ్య రుద్ది, ఒకదాని చోట ఇంకొకటి పెడితే మరో రెండు ఫోటోలు. ఈ తీసి పెట్టే కసరత్తులో మూత కొక్కెం రెండో నెలలోనే విరిగింది. కొత్తిమీర కట్టకి వచ్చిన ఎర్ర రబ్బర్ బ్యాండ్ వేశాం. అది సాగిపోతే ఇంకో కొత్తిమీర కట్ట.

సెల్లులు తీసిన ప్రతిసారీ లోపలి గడియారం మొదటికొచ్చేది. 'తేదీ సరిచేయండి' అని అడిగేది. కేకు మీద కొవ్వొత్తులు కరిగిపోతుంటే తేదీ ఎవరు సరిచేస్తారు? సరే అని నొక్కేస్తాం. ఫలితంగా మా కుటుంబ చరిత్ర యావత్తూ 2009 జనవరి 1న, అర్ధరాత్రి 12 నుంచి 12:40 లోపల ముగిసిపోయింది. మావగారి షష్టిపూర్తి, తిరపతి మొక్కు, రెండు ఉగాదులు, లాల్‌బాగ్ పూల ప్రదర్శన, అన్నీ ఆ నలభై నిమిషాల్లోనే. మా అబ్బాయి 12:03కి పలక మీద ఓం నమః రాశాడు, 12:07కి అన్నప్రాసన చేసుకున్నాడు. ముందు అక్షరాలు నేర్చి, తర్వాత అన్నం ముట్టాడన్నమాట. ఈ ఊళ్ళో ఎల్‌కేజీ అడ్మిషన్లు చూసినవాళ్ళెవరూ ఈ క్రమాన్ని తప్పు పట్టరు.

బటన్ నొక్కడానికీ ఫోటో పడడానికీ మధ్య ఈ కెమెరాకి ఒక ఆలోచన ఉండేది. మా పిన్ని కూతురి పెళ్ళిలో పెళ్ళికొడుకు తాళి ఎత్తగానే నొక్కాను. కెమెరా లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి, ఏది స్పష్టంగా ఉందో తేల్చుకుని, ఫ్లాష్ వేసింది. వచ్చిన ఫోటోలో పురోహితుడి వీపు, దాని మీద రెండు అక్షింతలు. మూడు ముళ్ళూ అప్పటికే అయిపోయాయి. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు చేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాకి ఒక ఫోటో క్యాసెట్ మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేదట. నాది ఫ్లాష్ వేశాక మళ్ళీ సిద్ధమవడానికి ఎనిమిది లెక్కపెట్టేవాణ్ణి. 34 ఏళ్ళలో పదిహేను సెకన్ల పురోగతి. మన అవుటర్ రింగ్ రోడ్డు దాన్ని కూడా సాధించలేదు.

అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది విధాన సౌధ ఫోటో. ఆదివారం సాయంత్రం దీపాలు వేస్తారు, 1956లో కట్టిన ఆ కొండంత భవనం బంగారంలా మెరుస్తుంది. రోడ్డుకి ఇవతల నిలబడి వందమంది ఫ్లాష్ కొడుతుంటారు. ఈ బుల్లి ఫ్లాష్ వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటదు. విధాన సౌధకి అది తాకినట్టు కూడా తెలియదు. నా ఫోటోలో నల్లటి ఆకాశం, దూరంగా పసుప్పచ్చ మరక, ముందు మాత్రం ఎవరిదో బట్టతల పున్నమి చంద్రుడిలా వెలుగుతూ ఉంది. ఆ పెద్దమనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. మా ఆల్బంలో ఇంత స్పష్టంగా వచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

ఇన్ని తెలిసీ, మూడో అంతస్తు నెల్లూరాయన 'ఎలా ఉందండీ, కొనొచ్చా?' అని అడిగితే నేనేం చెప్పాను? ఈ రేటుకి బాగానే ఉందండీ. ఆయన కొన్నాడు. ఆయన్ని అనంతపురం వాళ్ళు అడిగారు. ఆయనా అదే మాట చెప్పాడు. ఏడాది తిరిగేసరికి మా బ్లాకులో నాలుగు కెమెరాలు, నాలుగు రబ్బర్ బ్యాండ్లు. మునిగే పడవలో తోడు దొరికితే ఆ తృప్తే వేరు. అనంతపురం ఆయన ఇంకో మెట్టు ఎక్కి, తనది లెన్సుతో చేసే ఆప్టికల్ జూమ్ నాలుగు రెట్లే అయినా డిజిటల్‌తో కలిపి పదహారు రెట్లని చెప్పుకునేవాడు. డిజిటల్ జూమ్ అంటే ఉన్న ఫోటో మధ్యలో ముక్క కోసి సాగదియ్యడం. అతిథులు పెరిగినప్పుడు చారులో నీళ్ళు పోస్తామే, అదే విద్య. ఆయనకి ఇది చెప్పలేదు. చెబితే నా కెమెరా గురించి అడుగుతాడు.

2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు షాపులకి వెళ్ళాయి. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి, మావి అటకెక్కాయి. ఇందులో చెప్పుకోడానికేం లేదు.

కథ ముగిసిందనుకున్నాను. ఈ మధ్య హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే మా మేనల్లుడు భోజనానికి వచ్చి, జేబులోంచి వెండిరంగు కెమెరా ఒకటి తీశాడు. 2005 నాటిది, 5 మెగాపిక్సెళ్ళు. పాతదే 8,500 పెట్టి కొన్నాడు.

"ఒరేయ్, నీ ఫోను లక్ష రూపాయలది కదరా."

"ఫోను మరీ క్లియర్‌గా తీస్తుంది మావయ్యా. ఫీల్ ఉండదు."

దీనికి 2 జీబీ కార్డు కోసం ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డంతా తిరిగాడట. అప్పటి కెమెరాలు అంతకన్నా పెద్ద కార్డు పెడితే గుర్తుపట్టవు. షాపువాడు అదే రేటుకి 64 జీబీ ఇస్తానని బతిమాలితే, వద్దు, చిన్నదే కావాలని పట్టుబట్టాడు. బెంగళూరులో తక్కువ జాగాకి ఎక్కువ అద్దె కట్టడం అలవాటైన కుర్రాడు, వాడికిది వింతగా అనిపించలేదు.

వంటింటి గుమ్మం దగ్గర మా ఆవిడకి ఒక ఫోటో తీశాడు. నొక్కాడు, ఆగాం, ఫ్లాష్ పడింది. మొహం సున్నం కొట్టిన గోడలా, కళ్ళు ఎర్రగా, మూలన 2005 జనవరి 1. వాడు మురిసిపోతూ, "చూశారా అత్తయ్యా, ఎంత రియల్‌గా ఉందో" అన్నాడు. ఆవిడ రసం గిన్నె అక్కడే పెట్టి అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకుంది. మేం పదేళ్ళపాటు బంధువుల ముందు తలదించుకుని క్షమాపణ చెప్పుకున్నవన్నీ ఇప్పుడు డబ్బిచ్చి కొంటున్నారన్నమాట.

"ఇందులో సీసీడీ ఉంది మావయ్యా," అన్నాడు గొంతు తగ్గించి.

"నాదీ సీసీడీయే," అన్నాను.

వాడు నన్ను గౌరవంగా చూడటం అదే మొదటిసారి. అటక మీంచి దింపించాడు. దుమ్ము తుడిచి, అటూ ఇటూ తిప్పి, సెల్లుల మూత దగ్గర ఆగాడు. తన ఫోను తీసి ఆ రబ్బర్ బ్యాండ్‌కి దగ్గరగా మూడు ఫోటోలు తీశాడు.

"ఇది ఒరిజినలేనా?"

"ఐదోదో ఆరోదో."

"కెమెరా ఇస్తే దీంతోనే ఇస్తారుగా?"

"దానికి వేరే రేటు," అన్నాను.