‘ఎదిగితే అదే సర్దుకుంటుంది’ అని వదిలేయకండి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తల్లికి, తలకు దెబ్బ తగిలి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పిల్లాడి తండ్రికి, మందులతో ఫిట్స్ తగ్గిన అమ్మాయి ఇంట్లోవాళ్లకి చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "చిన్న వయసు కదా, ఎదిగితే అదే సర్దుకుంటుంది." చెప్పేవాళ్లది మంచి మనసే. ఆ సమయంలో ఆ ధైర్యం కావాలి కూడా. కానీ పిల్లల న్యూరోసైకాలజీలో పనిచేస్తున్న మనిషిగా నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఊరుకోవడం వల్ల చాలామంది పిల్లలకు సాయం అందాల్సిన వయసులో అందడం లేదు. ఐదారేళ్లప్పుడు ఒకసారి పరీక్ష చేయించి, ‘ఫర్వాలేదు’ అనిపించుకుని, రిపోర్టు బీరువాలో పెట్టేస్తే సరిపోదు. ఎదుగుతున్నంతకాలం మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉండాలి.

మెదడులో ఎక్కడ ఏం దెబ్బతిందో స్కాన్ చెబుతుంది. ఆటిజమో, ఏడీహెచ్‌డీయో (కుదురుగా ఉండి దృష్టి పెట్టలేకపోవడం), ఎపిలెప్సీయో (ఫిట్స్ జబ్బు) డాక్టర్ గారు పేరు పెడతారు. దానివల్ల ఈ పిల్లాడు ఎలా ఆలోచిస్తున్నాడు, ఏం గుర్తుంచుకోగలుగుతున్నాడు, ఎక్కడ అలిసిపోతున్నాడు అన్నది మాత్రం పిల్లాడితో గంటల తరబడి కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. న్యూరోసైకాలజీ చేసే పని అదే.

పిల్లల మెదడు త్వరగా తేరుకుంటుందన్న నమ్మకం వెనక కొంత శాస్త్రం లేకపోలేదు. 1936లో అమెరికాలో మార్గరెట్ కెన్నార్డ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. మెదడులో కదలికలను నడిపించే భాగం దెబ్బతిన్నప్పుడు పెద్ద కోతుల కంటే కోతిపిల్లలు బాగా కోలుకున్నాయి. దెబ్బ ఎంత చిన్న వయసులో తగిలితే అంత మంచిదన్నట్టుగా ఆ ఫలితం ఒక సూత్రమై కూర్చుంది. నిజానికి కెన్నార్డ్ అంత సులువుగా తేల్చేయలేదు. కొన్ని ఇబ్బందులు ఆ కోతిపిల్లలు పెరిగాకే బయటపడ్డాయని ఆవిడే గమనించారు. ఆ రెండో సగాన్ని లోకం పట్టించుకోలేదు.

తర్వాతి పరిశోధన ఆ సూత్రాన్ని దాదాపు తిరగేసింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విక్కీ ఆండర్సన్ బృందం వేర్వేరు వయసుల్లో మెదడు దెబ్బతిన్న పిల్లలను పోల్చి చూసింది. రెండేళ్లలోపు దెబ్బతిన్నవాళ్లకే ఎక్కువ కష్టం కనిపించింది. కాస్త పెద్దయ్యాక దెబ్బతిన్నవాళ్లు తోటిపిల్లలకు దగ్గరగా ఉన్నారు. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. పదేళ్ల పిల్లకి మాట, చదువు, లెక్కలు చాలావరకు వచ్చేసి ఉంటాయి. ఏడాది పిల్లాడు ఇవన్నీ ఆ దెబ్బతిన్న మెదడుతోనే మొదటి నుంచీ నేర్చుకోవాలి.

పైగా కొన్ని శక్తుల అవసరం చిన్నప్పుడు రాదు. ఐదేళ్లవాడిని ప్లాన్ వేసుకోమని ఎవరూ అడగరు. సంచి అమ్మ సర్దుతుంది, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో టీచర్ చెబుతుంది. పన్నెండు పదమూడేళ్లకి ఆరుగురు టీచర్లు, ఆరు హోంవర్కులు, వచ్చే వారం ఇవ్వాల్సిన ప్రాజెక్టు. మెదడు ముందుభాగం చెయ్యాల్సిన పని అప్పుడు మొదలవుతుంది. లోపం ఉంటే అప్పుడు తెలుస్తుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం ‘ఇన్నాళ్లూ బాగానే ఉన్నాడు, ఇప్పుడు బద్ధకం పట్టుకుంది’ అనిపిస్తుంది. టొరంటోలో పనిచేసిన మోరీన్ డెనిస్ లాంటివాళ్లు దశాబ్దాలపాటు పరిశోధించి చూపించింది ఇదే. లోపం పుట్టుకతోనే ఉండొచ్చు, అది కనపడటానికి మాత్రం వయసు రావాలి.

పరీక్ష గదిలో ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. ఆండ్రే రే అనే స్విస్ మనస్తత్వవేత్త 1941లో తయారుచేసిన బొమ్మ ఒకటి మేం ఇప్పటికీ వాడతాం. పెద్ద దీర్ఘచతురస్రం, లోపల అడ్డగీతలు, మూలల్ని కలిపే ఏటవాలు గీతలు, మూడు చుక్కలున్న ఒక గుండ్రం, కుడివైపు త్రిభుజం, దాని కొసన బుల్లి డైమండ్. దాన్ని చూసి గీయమంటాం. చాలామంది పిల్లలు ముందు పెద్ద పెట్టె గీసి, తర్వాత లోపలి గీతలు నింపుతారు. కొందరు మాత్రం ఆ బుల్లి డైమండ్ దగ్గర మొదలుపెడతారు. దాన్నుంచి ఒక గీత, అక్కడి నుంచి ఇంకో గీత, ఇలా ముక్క ముక్కగా పోతారు. మధ్యమధ్యలో మేం వేరే రంగు పెన్సిల్ చేతికిస్తాం, ఏది ముందు గీశారో ఏది వెనక గీశారో తెలియడానికి. చివరికి బొమ్మ ఇంచుమించు పూర్తవుతుంది, మార్కులూ ఫర్వాలేదనిపిస్తాయి. కాసేపటి తర్వాత బొమ్మ తీసేసి, గుర్తున్నది గీయమంటే కాగితం మీద నాలుగు విడివిడి ముక్కలు తప్ప ఏమీ ఉండవు. జ్ఞాపకం లేక కాదు, మొదట్లోనే మొత్తం బొమ్మ ఆ పిల్లాడి కంటికి ఆనలేదు. చరిత్ర పాఠం చదివినప్పుడూ, నాలుగు దశల లెక్క చేసేటప్పుడూ అతనికి జరిగేది ఇదే. ‘ఇంకా ఎక్కువసేపు చదువు’ అని కూర్చోబెడితే ఏం లాభం? పాఠం మొదలుపెట్టకముందే దాని రూపురేఖ ఒక కాగితం మీద గీసి చూపిస్తే చాలా తేడా వస్తుంది.

అందుకే ఐక్యూ అంకె ఒక్కటే చూసి తృప్తి పడొద్దంటాను. ఐక్యూ సగటు 100, పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. ఇద్దరు పిల్లలకి సరిగ్గా 100 వచ్చిందనుకోండి. ఒకరికి అన్ని విభాగాల్లోనూ 100 దగ్గరే. ఇంకొకరికి మాటల్లో 120, పని వేగంలో 78. ఈ రెండో అమ్మాయి క్లాసులో చక్కగా మాట్లాడుతుంది, పరీక్షలో పేపర్ పూర్తి చెయ్యలేదు. టీచర్లకి నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, ఇంట్లో రోజూ టెన్షన్. ఆ అమ్మాయికి కావాల్సింది అదనపు సమయం. రిపోర్టు చేతికొచ్చినప్పుడు మొదటి పేజీలోని అంకె దగ్గర ఆగిపోకుండా, విభాగాల మధ్య తేడా ఎంతుందో, దానికి స్కూల్లో ఏం చెయ్యాలో అడగండి. ఆ రిపోర్టు ఉన్నదే అందుకు.

తల్లిదండ్రుల మాటకి ఎంత విలువుందో చెప్పే పరిశోధన ఒకటుంది. 1997లో లండన్‌లో ఫరానే వర్ఘా-ఖాదెం బృందం ముగ్గురి గురించి రాసింది. ఒకరికి పుట్టినప్పుడు, ఒకరికి నాలుగేళ్లప్పుడు, ఒకరికి తొమ్మిదేళ్లప్పుడు జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ రెండువైపులా దెబ్బతింది. ముగ్గురూ మామూలు బడికే వెళ్లారు. చదవడం, రాయడం, మాట్లాడటం, లోకజ్ఞానం అన్నీ సగటుకి దగ్గర్లోనే ఉన్నాయి. కానీ ఆ రోజు బళ్లో ఏం జరిగిందో ఇంటికొచ్చి చెప్పలేరు. వస్తువు ఎక్కడ పెట్టారో తెలియదు, తెలిసిన చోట్ల కూడా దారి తప్పుతారు. మామూలు పరీక్షల్లో మంచి మార్కులొచ్చే ఇలాంటి పిల్లల గురించి అమ్మానాన్నలు "వీడికి ఏదీ గుర్తుండదండీ" అంటే ఎవరైనా అతిగా చెబుతున్నారనే అనుకుంటారు. ఆ మాట వెనక మెదడులో కంటికి కనిపించే కారణం ఉండొచ్చని ఈ పరిశోధన రుజువు చేసింది. రోజూ ఇంట్లో చూస్తున్నది మీరు. మీకు అనుమానముంటే, "బాగానే ఉన్నాడు కదా" అని ఎవరన్నా సరే, పట్టువదలకుండా అడగండి.

ఇన్ని పరీక్షలు చేసి అంకెలు రాసుకుంటే ఒరిగేదేమిటని కొందరికి అనుమానం. ఒరిగింది చాలా ఉంది. పిల్లలకు వచ్చే లుకేమియానే, అంటే బ్లడ్ క్యాన్సర్‌నే తీసుకోండి. ఒకప్పుడు జబ్బు మెదడులో దాక్కోకుండా ఉండటానికి చాలామంది పిల్లలకి తలకి రేడియేషన్ ఇచ్చేవారు. ప్రాణాలు దక్కాయి. కానీ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చిన న్యూరోసైకాలజిస్టులు ఒక విషయం గమనించారు. ఏటేటా వాళ్ల ఐక్యూ స్కోరు తగ్గుతోంది. వచ్చింది మర్చిపోవడం వల్ల కాదు. కొత్తవి నేర్చుకునే వేగం తగ్గి, ప్రతి ఏడాదీ తోటిపిల్లలకి ఇంకాస్త వెనకబడుతున్నారు. మరీ చిన్న వయసులో రేడియేషన్ తీసుకున్నవాళ్లకి నష్టం ఎక్కువ. ట్రీట్‌మెంట్ అయిన వెంటనే ఒక్కసారి పరీక్షించి ఊరుకుంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఇలాంటి ఫలితాలు పేరుకుంటూ వచ్చాకే రేడియేషన్ లేకుండా చెయ్యలేమా అన్న ఆలోచన బలపడింది. అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి నడిపించిన ఒక అధ్యయనంలో 498 మంది పిల్లలకి ఈ ముందుజాగ్రత్త రేడియేషన్ పూర్తిగా మానేశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్ల తర్వాత 93 శాతానికి పైగా పిల్లలు బతికే ఉన్నారు.

2010లో వచ్చిన ఇంకో అధ్యయనం కూడా నాకు చాలా ముఖ్యమైనది. పిల్లలు కొన్ని సెకన్లపాటు చూపు నిలిపేసి, మళ్లీ ఏమీ జరగనట్టు మామూలైపోయే ఫిట్స్ ఉంటాయి, ఆబ్సెన్స్ సీజర్స్ అంటారు. అలాంటి 453 మంది పిల్లల మీద మూడు మందులు పోల్చి చూశారు. ఫిట్స్ ఆపడంలో ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ రెండూ సమానంగా పనిచేశాయి. కానీ పిల్లల ఏకాగ్రతని కూడా కొలిచారు కాబట్టి తేడా దొరికింది. నాలుగు నెలలకి వాల్‌ప్రోయేట్ వాడిన వాళ్లలో 49 శాతం మందికి ఏకాగ్రత సమస్య కనిపిస్తే, ఎథోసక్సిమైడ్ వాడిన వాళ్లలో అది 33 శాతం. ఫిట్స్ ఆగాయా లేదా అన్నది మాత్రమే లెక్కపెట్టి ఉంటే రెండు మందులూ ఒకటే అనుకునేవాళ్లం. ఫిట్స్ పూర్తిగా ఆగిన పిల్లల్లో కూడా కొందరికి ఏకాగ్రత సమస్య మిగిలే ఉంటుంది. అందుకే ‘ఫిట్స్ తగ్గాయి, ఇక అయిపోయింది’ అని న్యూరాలజీ ఫైలు మూసేయకండి. అలాగని వాడుతున్న మందు మీ అంతట మీరు మార్చకండి, ఆపకండి. డాక్టర్ గారితో మాట్లాడండి.

రెండు భాషల ఇళ్లలో పెరిగే మన పిల్లల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పిల్లాడికి ఆటిజమో, మాట ఆలస్యమో అని తేలగానే, ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సలహాకి ఆధారం లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లోనూ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లోనూ రెండు భాషలు వింటూ పెరిగినవాళ్లని, ఒకే భాష విన్నవాళ్లతో పోల్చి చూశారు. రెండో భాష వల్ల వెనకబడిన దాఖలా కనిపించలేదు. అమ్మమ్మతో, నాన్నతో మనసారా మాట్లాడుకునే భాష తీసేస్తే, మాట్లాడటానికే కష్టపడే పిల్లాడికి ఉన్న అవకాశాలు కూడా తగ్గిపోతాయి. పరీక్షకి వెళ్లినప్పుడు మాత్రం ఇంట్లో ఏ భాష ఎంత వాడతారో ముందే చెప్పండి. ఒక్క ఇంగ్లిష్‌లోనే పదాలు అడిగి స్కోరు వేస్తే అది ఆ పిల్లాడికి తెలిసినదాంట్లో సగాన్నే కొలిచినట్టు.

పరిశోధనలో పాల్గొనమని అడిగితే మన కుటుంబాలు వెనకాడటం చూస్తుంటాను. పిల్లకి ముద్ర పడుతుందేమో, నలుగురికీ తెలుస్తుందేమో అన్న భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ ఏ పరీక్షలోనైనా ‘సగటు’ అనేది కొంతమంది పిల్లల్ని పరీక్షించి కట్టినదే. ఆ కొంతమందిలో మన ఇళ్లలాంటి ఇళ్ల పిల్లలు లేకపోతే, రేపు మన పిల్లల్ని కొలిచే కొలబద్ద వాళ్లకి సరిపోదు. పాల్గొనడం అంటే ఎక్కువగా ప్రశ్నలు, పజిల్స్, ఒక్కోసారి ఎంఆర్‌ఐ. అందులో రేడియేషన్ ఉండదు. పేర్లు బయటపెట్టరు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ఏ అధ్యయనమూ మొదలవ్వకూడదు, మీరు ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి వచ్చేయొచ్చు. సంతకం పెట్టే ముందు పిల్లనీ అడగండి. తనకి ఇష్టం లేకపోతే అక్కడితో వదిలేయండి. బ్రెయిన్ ట్రైనింగ్ ఆటలకి డబ్బు పోసే బదులు ఇది మేలని నా అభిప్రాయం. ఆ ఆటలు ఆడితే ఆ ఆటల్లో నైపుణ్యం పెరుగుతుంది, చదువులోకి అది పెద్దగా చేరదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి.

అందరం మర్చిపోయేది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లని. మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లల డాక్టర్ చేతులు దులుపుకుంటారు, పెద్దల డాక్టర్‌కి పాత కథ తెలియదు. అన్నాళ్లూ అమ్మ గుర్తుచేసి ఇచ్చిన మాత్ర ఇప్పుడు హాస్టల్ గదిలో తనే గుర్తుపెట్టుకుని వేసుకోవాలి. డబ్బు, టైమ్, నిద్ర అన్నీ తనే చూసుకోవాలి. ఈ మలుపుకి ముందు ఇంకోసారి పరీక్ష తప్పకుండా చేయించాలి. ఆ రిపోర్టు గురించి మాట్లాడేటప్పుడు గదిలో ముందు కుర్చీ ఆ కుర్రాడిదో అమ్మాయిదో కావాలి. తన గురించి పదిహేనేళ్లుగా రాసిన ఒక్క కాగితం కూడా చదవని యువకులు మా దగ్గరికి వస్తుంటారు. మెదడులో ఏం జరిగింది, తనకి ఏది బాగా వస్తుంది, ఏది నెమ్మదిగా వస్తుంది, మాత్రలు మర్చిపోకుండా ఫోన్‌లో ఏం పెట్టుకోవాలి, కాలేజీలో అదనపు సమయం కోసం ఎవరికి ఏ ఉత్తరం ఇవ్వాలి, ఇవన్నీ తనకి అర్థమయ్యే మాటల్లో తన చేతికి రాసివ్వమని అడగండి.