అశోక చెక్కకు ఈసీజీ

మన మూలికల వ్యాపారం మీద పెద్ద కుట్ర జరుగుతోంది. కుట్రదారు ఒక పెట్టె. చిటికెడు పొడిని దాని స్ఫటికం మీద పెట్టి నొక్కితే అది ఏ మూలికో నిమిషాల్లో చెప్పేస్తుందట. దాని పేరు పరారుణ వర్ణపటమాపకం. ఆ పేరు పలికేలోగా రోగం దానంతటదే తగ్గిపోతుంది కనుక పెట్టె అనే అందాం.

మా మేనల్లుడు విశ్వవిద్యాలయంలో ఇలాంటి పెట్టెతోనే కాలక్షేపం చేస్తుంటాడు. సంక్రాంతికి నెల్లూరు వచ్చినవాడు అరిసెలు తిని ఊరుకోకుండా, వాళ్ళ అత్త కషాయానికని తెప్పించుకున్న అశోక చెక్క పొట్లం విప్పి, ఒక ముక్క జేబులో వేసుకుని పోయాడు. వారం తర్వాత ఫోను.

"మామయ్యా, అది అశోక కాదు. నరమామిడి."

నరమామిడి అంటే మన కచేరీల ప్రహరీ గోడల పక్కన ధ్వజస్తంభాల్లా నిలబడే చెట్టు. మనమంతా దాన్నే అశోక చెట్టు అంటాం. నారింజ రంగు పూలు గుత్తులుగా పూసే అసలు అశోక వేరు. సీతమ్మవారు లంకలో ఈ నరమామిడి కిందే కూర్చుని ఉంటే, పాపం, రావణుడి కంటే ముందు ఎండ బాధ పడేది.

పెట్టె గీసిన గీతను కాగితం మీద పంపించాడు. అది పట్టుకుని, చెక్క కొన్న మూలికల అంగడికి వెళ్లాను. అంగడాయన కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందికి చూసి, "ఎవరిదండీ ఈ ఈసీజీ? గుండె బాగానే ఉందే!" అన్నాడు.

ఈ రగడకు మూలపురుషుడు విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1800లో ఆయన సూర్యకాంతిని గాజు పట్టకంలోంచి పంపి, ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట ఉష్ణమాపకం పెట్టాడు. అక్కడా వేడి ఎక్కింది. ఆ కనిపించని కాంతే పరారుణం. కంటికి కనిపించని వేడి ఉంటుందని తెలుసుకోవడానికి అంత శ్రమ దేనికి? మే నెలలో నెల్లూరు ట్రంకు రోడ్డు మీద అర్ధరాత్రి నిలబడితే చాలదా?

అణువుల్లోని బంధాలు కంపిస్తుంటాయి. ఒక్కో రకం బంధం తన కంపనానికి సరిపడే పరారుణ కాంతినే మింగుతుంది. ఏది ఎంత మింగిందో పెట్టె గీత గీస్తుంది. సెంటీమీటరుకు 1500 నుంచి 400 తరంగాల మధ్య భాగాన్ని వేలిముద్ర అంటారు. అయితే ఏ చెట్టు చెక్కలోనైనా సెల్యులోజు ఉంటుంది కనుక గీతలన్నీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఆ చిన్న తేడాలు పట్టుకోవడానికి కంప్యూటర్ గణాంకాలు కావాలి. తడి ఆరని నమూనా పెడితే నీటి గీత వచ్చి అన్నిటినీ కప్పేస్తుంది. మా అంగడాయనకు ఈ ఇబ్బందులేవీ లేవు. వానాకాలమైనా, కరెంటు లేకపోయినా, పొట్లం కట్టినంతసేపట్లో అది అశోకే అని తేల్చేస్తాడు.

బ్రాహ్మి సంగతి చూడండి. కొందరికి అది నీటి ఒడ్డున పాకే చిన్న మొక్క, కొందరికి సరస్వతి ఆకు. ఇన్నేళ్లుగా రెండూ ఒకే పేరు పంచుకుని కలిసిమెలిసి బతుకుతున్నాయి. ఈ పెట్టె వచ్చి వేరు కాపురం పెట్టించాలంటోంది.

2021 మేలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. వారిలో గీత చూపించమని అడిగినవారిని నేను చూడలేదు. అడిగినా ప్రయోజనం తక్కువే. పెట్టె పొడిలో ఏముందో చెబుతుంది కానీ రోగం తగ్గుతుందో లేదో చెప్పదు. అది చెప్పే ధైర్యం ఇప్పటికీ మనుషులకే ఉంది.

అయితే మొన్న మేనల్లుడి మాటల్లో ఒక ఆశ దొరికింది. పెట్టెకు సొంతంగా ఏ చెట్టూ తెలియదట. వృక్షశాస్త్రజ్ఞులు సరిచూసిన నమూనాల గీతలు ముందుగా నేర్పాలి. ఏ గీతకు ఏ పేరు తగిలిస్తే జీవితాంతం ఆ పేరే చెబుతుంది. అచ్చం మనలాగే! ఆ నమూనాలేవో మన అంగడి నుంచే పంపితే గొడవ ఉండదు కదా అని వెంటనే పరుగెత్తాను.

అంగడాయన సంతోషంగా అశోక అని రాసి పొట్లం కట్టాడు. పోల్చి చూడటానికి నరమామిడి కూడా కావాలన్నాను. లోపలికి వెళ్లి అదే డబ్బాలోంచి మరో గుప్పెడు చెక్క తెచ్చాడు.

"అసలు సిసలు నరమామిడి కదండీ," అన్నాడు తూకం వేస్తూ, "ధర కొంచెం ఎక్కువవుతుంది."