దెబ్బ తగిలిందీ మనకే, తగ్గాల్సిందీ మనమేనా?

అమెరికాలో హైవే మీద ఒకడు మన బంపర్‌కి అంటుకున్నట్టు తరుముకొస్తాడు. లైట్లు కొడతాడు, హారన్ మోగిస్తాడు, పక్క లేన్‌లోంచి దూసుకొచ్చి మన ముందుకి వంకర తిప్పి కావాలని బ్రేక్ తొక్కుతాడు. కారు నుజ్జవుతుంది, మెడ పట్టేస్తుంది, ఎవరికో చెయ్యి విరుగుతుంది. ఇంత జరిగాక మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే. "ప్రాణాలతో బయటపడ్డాం, అదే పదివేలు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళం, మనకెందుకీ కోర్టులూ కేసులూ? రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ఏమైనా అడిగితే?"

ఈ భయం వల్ల మనవాళ్ళు ఏటా వదులుకుంటున్నది చిన్న మొత్తమేమీ కాదని నా నమ్మకం. గాయపడ్డ మనిషి నష్టపరిహారం అడగడం సివిల్ వ్యవహారం. దావా వేసినందుకు వీసా పోదు, గ్రీన్ కార్డు ఫైలు ఆగదు. గాయపడ్డవాళ్ళ వలస స్థితిని ఇలాంటి దావాల్లో సాక్ష్యంగా తీసుకురాకూడదని, దాని గురించి ఆరా తీయకూడదని కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది. అది 2017 నుంచి అమల్లో ఉంది. కారునే ఆయుధంగా చేసుకుని దాడి చేసిన కేసు ఫెలనీ (తీవ్ర నేరం) దాడి స్థాయికి వెళ్ళి, బాధితులు పోలీసులకి సహకరిస్తే, నేర బాధితులకి ఇచ్చే యూ వీసాకి దరఖాస్తు చేసుకునే దారి కూడా ఫెడరల్ చట్టంలో ఉంది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, వరుస చాలా పొడుగు. అయినా దారి ఉన్నమాట నిజం. చట్టం బాధితుడి పక్కన నిలబడుతుంటే మనం మాత్రం నేరం చేసినవాళ్ళలా తల దించుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. పోలీసులు టికెట్ రాయడం, అరెస్టు చేయడం ప్రభుత్వానికీ ఆ డ్రైవర్‌కీ మధ్య జరిగే కేసు. వర్జీనియాలో, జార్జియాలో 'అగ్రెసివ్ డ్రైవింగ్' అనే పేరుతోనే ప్రత్యేక నేరం ఉంది. జార్జియాలో అది రుజువు కావాలంటే ఎదుటివాణ్ణి బెదిరించాలనో, వేధించాలనో, గాయపరచాలనో ఉద్దేశం ఉందని చూపించాలి. శిక్షతో పాటు బాధితులకి కొంత సొమ్ము కట్టమని జడ్జి ఆదేశించవచ్చు కానీ, దాని మీదే ఆశ పెట్టుకుంటే మోసపోతాం. మన వైద్యం ఖర్చు, పోయిన జీతం, పడ్డ నొప్పికి పరిహారం రావాల్సింది ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోంచో సివిల్ దావాలోంచో. వాటికి గడువులు వేరేగా ఉంటాయి. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీ, జార్జియాల్లో మామూలుగా 2 ఏళ్ళు. న్యూయార్క్‌లో 3. టెనెసీలో ఒక్క ఏడాదే. ఫ్లోరిడాలో 4 ఏళ్ళున్న గడువుని 2023 మార్చిలో 2 ఏళ్ళకి కుదించారు. గుద్దింది సిటీ బస్సో ప్రభుత్వ వాహనమో అయితే ఇంకా తొందరపడాలి. కాలిఫోర్నియాలో 6 నెలల్లోపు, న్యూజెర్సీలో 90 రోజుల్లోపు ఆ సంస్థకి రాతపూర్వకంగా తెలియజేయాలి. 'క్రిమినల్ కేసు తేలాక చూద్దాంలే' అని ఊరుకున్నవాళ్ళకి చాలాచోట్ల సివిల్ గడువు దాటిపోతుంది.

ఇక అసలు చిక్కు దగ్గరికొద్దాం. దూకుడుగా నడపడం వేరు, కావాలని గుద్దడం వేరు. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్న దాని మీదే మన చేతికి డబ్బు వస్తుందా రాదా అన్నది ఆధారపడుతుంది. ఎంత నిర్లక్ష్యంగా నడిపినా అవతలివాడి ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తిస్తుంది. కావాలనే గాయపరిచాడని తేలితే మాత్రం కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఉద్దేశపూర్వకంగా చేసిన పనికి బీమా వర్తించదని పాలసీల్లోనే రాసి ఉంటుంది, కాలిఫోర్నియాలో చట్టమే ఆ మాట చెబుతుంది. అందుకే ఘోరంగా గాయపడ్డవాళ్ళకి ఒక్కోసారి అవతలి కంపెనీ నుంచి పైసా రాదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా, అలబామాల్లో ఇప్పటికీ పాత సూత్రమే నడుస్తోంది. ప్రమాదంలో మన తప్పు ఒక్క శాతం ఉన్నా పరిహారం సున్నా. వర్జీనియాలోని యాష్‌బర్న్‌లోనో నార్త్ కరోలినాలోని కేరీలోనో ఉంటున్న ఎన్ని తెలుగు కుటుంబాలకి ఈ సంగతి తెలుసు? అయితే అవతలివాడు మామూలు నిర్లక్ష్యాన్ని దాటి, ఎదుటివాళ్ళకి ఏమైనా పర్వాలేదన్నట్టు నడిపాడని రుజువైతే వర్జీనియా, నార్త్ కరోలినా కోర్టులు ఆ అడ్డంకిని పక్కన పెడతాయి. అంటే అక్కడ వాడి దూకుడుని గట్టిగా రుజువు చేయాలి, కానీ అది 'కావాలని చేసిన దాడి' అనే దాకా పోతే బీమా జారిపోవచ్చు. ఇంత సన్నటి దారిలో లాయర్ తోడు లేకుండా నడవడం మంచిది కాదు. మనం చేయాల్సింది మాత్రం ఒకటుంది. పోలీసులకైనా, బీమా కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే అడ్జస్టర్‌కైనా కళ్ళారా చూసింది చెప్పాలి. "మూడుసార్లు నా లేన్‌లోకి తోశాడు, ముందుకొచ్చి ఆగిపోయాడు, కిటికీ దించి అరిచాడు" అని జరిగింది జరిగినట్టు, ఏదీ దాచకుండా. "నన్ను చంపాలనుకున్నాడు" అని వాడి మనసులో ఏముందో మనం ఊహించి చెప్పాల్సిన పనిలేదు. అది తేల్చడానికి వేరే వాళ్ళున్నారు.

అవతలి బీమా చెయ్యిచ్చినప్పుడు కాపాడేది మన సొంత పాలసీలోని అన్‌ఇన్‌స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజ్. పరిహారం ఎంతన్నది సగం అక్కడే, ప్రమాదానికి ముందే నిర్ణయమైపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. కావాలని గుద్దినా సరే, బాధితుడి వైపు నుంచి చూస్తే అది అనుకోకుండా జరిగిన ప్రమాదమేనని, కాబట్టి ఈ కవరేజ్ వర్తిస్తుందని న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2011లో తీర్పిచ్చింది. అవతలివాడికి బీమా ఉన్నా చాలకపోతే ఆదుకునేది అండర్‌ఇన్‌స్యూర్డ్ కవరేజ్. కాలిఫోర్నియాలో ఒక మనిషి గాయాలకి తప్పనిసరి బీమా 2024 చివరిదాకా 15,000 డాలర్లే. 2025 జనవరి 1 నుంచి 30,000 చేశారు. ఆపరేషన్ పడితే ఆ 30,000 ఎన్నాళ్ళొస్తుంది?

మరి మనవాళ్ళు పాలసీ ఎలా కొంటారు? ఆన్‌లైన్‌లో నాలుగు కొటేషన్లు తెచ్చుకుని, తక్కువ ప్రీమియం దానిమీద నొక్కేస్తారు. న్యూజెర్సీలో ఆ తక్కువ వెనక చాలాసార్లు 'లిమిటేషన్ ఆన్ లాసూట్' అనే షరతు ఉంటుంది. అది ఎంచుకుంటే మరణం, అవయవ నష్టం, ఎముక విరిగి పక్కకి జరగడం, శాశ్వత గాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప నొప్పికీ బాధకీ పరిహారం అడిగే హక్కు ఉండదు. పెన్సిల్వేనియాలో దీని పేరు 'లిమిటెడ్ టోర్ట్'. అక్కడి చట్టం ఒక మంచి పని చేసింది. అవతలివాడు గాయపరచాలనే ఉద్దేశంతో గుద్దితే, ఈ షరతు ఒప్పుకున్నవాళ్ళకి కూడా పూర్తి హక్కు తిరిగొస్తుంది. ఇల్లు కొనేటప్పుడు ప్రతి కాగితం పదిసార్లు చదివే మనం, ప్రీమియంలో మిగిలే కాస్త సొమ్ము కోసం ఇంత పెద్ద హక్కుని చదవకుండానే వదిలేస్తున్నాం. ఏ కవరేజ్ ఎంతుందో చెప్పే డిక్లరేషన్స్ పేజీ పాలసీ మొదటి పేజీల్లో వస్తుంది, తీసి చూడండి. మన వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఉండే లయబిలిటీ అంకె ఎంతుందో, అన్‌ఇన్‌స్యూర్డ్ మోటరిస్ట్ అంకె కూడా అంతే ఉండేలా చూసుకోండి.

ఆ కవరేజ్ ఉన్నా ఒక చోట మాత్రం చట్టం మనకి అన్యాయం చేస్తోంది. ఒకడు హఠాత్తుగా మన ముందుకి అడ్డంగా దూరతాడు, తప్పించుకోబోయి మనం డివైడర్‌ని గుద్దుతాం, వాడు మాయమవుతాడు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో ఆ కారు మన కారుని తాకి ఉండకపోతే అన్‌ఇన్‌స్యూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ కింద గాయాలకి పరిహారం రాదు. తాకి పారిపోయినా, కాలిఫోర్నియాలో 24 గంటల్లోపు పోలీసులకి చెప్పి ఉండాలి. లేని కారుని కల్పించి దొంగ క్లెయిములు వేస్తారన్న అనుమానంతో పెట్టిన నియమం ఇది. డాష్‌క్యామ్‌లో వాడి కారు, వాడి విన్యాసాలు స్పష్టంగా కనిపిస్తున్న ఈ రోజుల్లో కూడా తాకిడి కావాలనడం అర్థం లేని పట్టుదల. వీడియో ఉంటే చాలని చట్టం మార్చాలి. మన తెలుగు సంఘాలు స్టేట్ అసెంబ్లీ సభ్యుల్ని సభలకి పిలిచి శాలువాలు కప్పుతాయి కదా, ఈ మాట అప్పుడే వాళ్ళ చెవిన వేయాలి.

ప్రమాదం తర్వాతి రోజుల్లో మన హక్కుని దెబ్బతీసేది ఎక్కువగా మన మొహమాటమే. అవతలి కంపెనీ అడ్జస్టర్ తీయగా ఫోన్ చేస్తాడు. "ఎలా ఉన్నారు?" అంటే మనం అలవాటుగా "బాగానే ఉన్నాను" అంటాం. అది రికార్డవుతుంది. అవతలి కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన బాధ్యత మనకి లేదు. మన కంపెనీకి మాత్రం సహకరించాలి. చిన్న చెక్కుతో పాటు, ఇక ఏమీ అడగమని రాసిచ్చే రిలీజ్ కాగితం వస్తుంది. దాని మీద సంతకం పెట్టాక, ఆర్నెల్లకి డిస్క్ జారిందని తెలిసినా మళ్ళీ అడగడం దాదాపు అసాధ్యం. మన అండర్‌ఇన్‌స్యూర్డ్ కవరేజ్ కూడా వాడుకోవాల్సి రావచ్చనుకుంటే, అవతలివాళ్ళతో రాజీ పడేముందు మన కంపెనీ అనుమతి తీసుకోవాలి. లేకపోతే అదీ పోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్ళండి. ఫ్లోరిడాలో 14 రోజుల్లోపు వైద్యం మొదలుపెట్టకపోతే మన సొంత పాలసీలో వైద్యానికి ఉండే 10,000 డాలర్ల పిప్ (పర్సనల్ ఇంజరీ ప్రొటెక్షన్) కవరేజ్ కూడా అందదు. రోడ్డు పక్క దుకాణాల కెమెరాల్లో పాత రికార్డింగుల మీదే కొత్తవి పడిపోతాయి కాబట్టి, వాటిని భద్రపరచమని లాయర్ చేత వెంటనే ఉత్తరం రాయించాలి.

లాయర్ అంటే ఖర్చని వెనకాడేవాళ్ళకి ఒక మాట. గాయాల కేసుల్లో ముందు ఏమీ కట్టనక్కర్లేదు, వచ్చినదాంట్లో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా తీసుకుంటారు. గుద్దింది రాష్ట్రాల మధ్య సరుకు మోసే పెద్ద ట్రక్కయితే దానికి కనీసం 750,000 డాలర్ల బీమా ఉండాలని ఫెడరల్ నియమం. ఉద్యోగం పని మీద నడుపుతున్నవాడైతే వాడి యజమానిని కూడా అడగవచ్చు. అన్నీ మూసుకుపోయినా రాష్ట్రాల నేర బాధితుల పరిహార నిధి ఉంటుంది. టెక్సాస్‌లో కారుతో కావాలని గాయపరిచినవాళ్ళ బాధితులూ, గుద్ది పారిపోయినవాళ్ళ బాధితులూ దానికి అర్హులే.

మనల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నల విషయంలో నాకు బెంగ ఎక్కువ. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పరిమితులు తక్కువ, ఆసుపత్రి బిల్లులేమో ఎవరికైనా ఒకటే. మన కారులో కూర్చున్నవాళ్ళకి మన పాలసీలోని మెడికల్ పేమెంట్స్ కానీ, పిప్ కానీ సాధారణంగా వర్తిస్తాయి. తప్పు ఎవరిదైనా సరే. చాలామంది ఇది తెలియక సొంత డబ్బుతో కట్టేస్తున్నారు. వాళ్ళు ఇండియా వెళ్ళిపోయినంత మాత్రాన క్లెయిమ్ చచ్చిపోదు. వాంగ్మూలం వెళ్ళేముందే తీసుకోవచ్చు, చాలాసార్లు వీడియోలో కూడా ఇవ్వచ్చు.

మన సంఘాలు ఏటా టాక్సుల మీద, ఇమ్మిగ్రేషన్ మీద ఉచిత సదస్సులు పెడతాయి. వచ్చే సీజన్ నుంచి కారు పాలసీ మీద కూడా ఒకటి పెట్టాలని కార్యవర్గాలని కోరుతున్నాను. సభ్యులు తమ డిక్లరేషన్స్ పేజీ తెచ్చుకోవాలి, లా ప్రాక్టీసుకి లైసెన్సున్న మన తెలుగు లాయర్లు ఒక్కొక్కటీ చూసి ఏది తక్కువుందో, ఏ హక్కు వదులుకున్నారో చెప్పాలి. పాలసీలు అమ్మే ఏజెంట్లు స్పాన్సర్లుగా ఆ సభ నడపకూడదు.