ప్రామ్ కొనుగోలుపై అఖిలపక్షం

బారసాల వారం రోజుల్లో ఉందనగా ప్రతి ఇంట్లోనూ జరిగి తీరాల్సిన అఖిలపక్ష సమావేశం ఒకటుంది. అజెండాలో ఒకటే అంశం: ప్రామ్, అంటే పసిబిడ్డని పడుకోబెట్టి తోసుకెళ్లే బండి. తాతయ్యది అధ్యక్ష స్థానం. అమ్మమ్మ, నానమ్మ చెరో పక్షం. బాబాయి చేతిలో ఫోను, ఫోనులో ఆఫర్లు. మేనత్త న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో హాజరు. ఆ బండిలో పడుకోబోయే మనిషికి మాత్రం పిలుపు వెళ్లదు. వయసు పద్నాలుగు రోజులు, ఓటు హక్కు లేదు, ఏడిస్తే దాన్ని అభ్యంతరంగా రాసుకునే ఆనవాయితీ కూడా లేదు. కాబట్టి మిగతా అందరికీ నచ్చినది కొనడమే ప్రజాస్వామ్యం.

మొదట రంగు తేల్చాలి. ఇది గంటన్నర పని. నలుపు వద్దని నానమ్మ, ఎరుపైతే ఫొటోల్లో బాగుంటుందని మేనత్త. ఏ రంగైనా పాలు కక్కితే ఒకటేనని, కవరు విప్పి ఉతకడానికి వీలుంటే చాలని తల్లి అనుకుంటుంది గానీ ఆమెని అడిగినవాళ్లు లేరు. ఆ తర్వాత కాఫీ కప్పు పెట్టుకునే స్టాండు, పాటలు పాడే ట్రే. ఇవన్నీ అయ్యాక ఇంకా ఓపిక మిగిలితే సీటు ఎంతవరకు వాలుతుందో అడగొచ్చు.

ఓపిక మిగలదు గనక ఆ సంగతి ఇక్కడే చెప్పుకుందాం. పుట్టిన బిడ్డకి మెడ నిలవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా నిటారు సీట్లో పెడితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. అంత సన్నటి శ్వాసనాళం మడత పడితే ఊపిరి అందదు, ఏడుపూ రాదు. చూసేవాళ్లకి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888, పుట్టినప్పటి నుంచి వాడొచ్చని అమ్మే సీటుకి వీపు భాగం, కూర్చునే భాగం మధ్య కనీసం 150 డిగ్రీలు ఉండాలంటుంది. మన దుకాణాల్లో ఆ పని స్టిక్కరే చేసేస్తుంది. డబ్బా మీద 'సున్నా నెలల నుంచి' అని అచ్చేస్తే కోణం దానంతటదే వస్తుందని నమ్మకం.

నమ్మకం తక్కువైనవాళ్లు ఫోనులో లెవెల్ చూసే యాప్ తెరవాలి. సీటు పూర్తిగా వాల్చి, కూర్చునే భాగం నేలకి సమంగా ఉందో లేదో చూసుకుని, వీపు భాగం మీద ఫోను ఆనించాలి. 180లోంచి 150 పోగా మిగిలే 30 డిగ్రీలు దాటిందా, ఆ సీటు పసిబిడ్డది కాదు. తర్వాత అరచేత్తో మధ్యలో నొక్కి చూడాలి. వెనక తాడు వదిలితే వాలే రకాల్లో చాలావాటికి గట్టి పలక ఉండదు, గుడ్డే ఉంటుంది. అది బరువుకి కిందికి దిగి, వాల్చిన వీపుని మళ్లీ వంచేస్తుంది. అన్నిటికన్నా మేలు చదునైన, గట్టి అడుగున్న క్యారీకాట్, అంటే సీటు బదులు బిగించే తొట్టి లాంటి పడక. అది బిడ్డ బోర్లా పడేదాకా, లేదా దాదాపు తొమ్మిది కిలోలు వచ్చేదాకా. అంటే ఐదారు నెలలు. "ఐదు నెలల ముచ్చటకి అంత డబ్బా?" అన్న ప్రశ్నకి సభలో బల్లలు చరుస్తారు. బారసాల భోజనాలు ఒక్కపూట ముచ్చటేనని అప్పుడెవరికీ గుర్తు రాదు.

ఈ దశలో నానమ్మ ఒక సవరణ ప్రవేశపెడతారు: ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలి కదా. ప్రామ్‌లో ఆ దిండు చేసే పనల్లా తలని పైకెత్తి గడ్డాన్ని ఛాతీ వైపు నెట్టడం. 150 డిగ్రీల కోసం పెట్టిన డబ్బంతా ఒక్క నిమిషంలో బూడిదలో పోసిన పన్నీరు. దానికి తోడు కిందో బొంత వేస్తే బిడ్డ పైకి లేచి పక్కల ఎత్తు తగ్గుతుంది. ప్రామ్‌తో వచ్చిన పరుపు, దాని మీద ఒక పలచటి గుడ్డ, అంతే. తల గుండ్రం కావాలంటే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మనిషి దగ్గరుండి కాసేపు బోర్లా పడుకోబెట్టడం ఉంది. దానికి ఆవాలు అక్కర్లేదు, పోపులోకి మిగులుతాయి.

బాబాయికి నచ్చేది హ్యాండిల్. అటూ ఇటూ తిరుగుతుంది, బిడ్డ మొహం మనకేసి ఉంటుంది. మంచి సంగతే, పసిబిడ్డ మొహం ఎప్పుడూ కనపడుతూ ఉండాలి. చిక్కల్లా, తిరిగేది హ్యాండిల్ ఒక్కటే, చక్రాలు కావు. సీటుని ఊడదీసి తిప్పి బిగించే రకంలో ఈ గొడవ లేదు. హ్యాండిల్ తిప్పే రకంలో మాత్రం ముందుండాల్సిన గిరగిర చక్రాలు మన కాళ్ల దగ్గరికొస్తాయి, మెలి తిరగని వెనక చక్రాలు ముందుకెళ్తాయి. మలుపులో బండిదో దారి, మనిషిదో దారి. బ్రేకు పెడల్ కూడా అటువైపే పోతుంది. వాలులో బ్రేకు వేయాలంటే బండి చుట్టూ ప్రదక్షిణ చేయాలి. ఈలోగా బండి తన యాత్ర తాను మొదలుపెడుతుంది.

ఇంతకీ బ్రేకు సంగతి. దుకాణంలో నున్నటి టైల్స్ మీద ఏ ప్రామ్ అయినా పెళ్లికొడుకులా నడుస్తుంది. ఇంటికి తెచ్చాక పది కిలోల సోనామసూరి బస్తాని సీట్లో పడుకోబెట్టి బెల్టు పెట్టండి. సెల్లార్ ర్యాంపు మీద బ్రేకు వేసి, చేతులు దగ్గరగా ఉంచుకుని వదలండి. ఒక్క తొక్కుకి రెండు వెనక చక్రాలూ బిగుసుకోవాలి. ఒకటే బిగిస్తే బండి ఆగదు, ఆ చక్రం చుట్టూ తిరుగుతుంది. తర్వాత హ్యాండిల్‌కి నాలుగు కిలోల కూరగాయల సంచి తగిలించి, బియ్యం బస్తాని ఎత్తండి. తేలిక రకమైతే ప్రామ్ వెల్లకిలా పడుతుంది. రేపు బిడ్డని ఎత్తుకున్న క్షణాన జరిగేది ఇదే. వంకాయలకి కింద బుట్ట ఉంది. దానికీ ఓ హద్దుంటుంది, కాగితంలో రాసి ఉంటుంది. చదివే పని తాతయ్యకి అప్పగించండి, "బరువుంటేనే గట్టి" అనడం కాసేపు ఆపుతారు. పదమూడు కిలోల గట్టి ప్రామ్‌ని లిఫ్టు లేని మూడో అంతస్తుకి మోసేది తాతయ్య కాదు మరి.

బెల్టు మీద చర్చే ఉండదు. "పడుకున్న బిడ్డ ఎక్కడికి పోతాడు?" అంటారు. కిందికి పోతాడు. కాళ్ల మధ్య పట్టీ పెట్టకపోతే ట్రేకీ సీటుకీ నడుమ సందులోంచి ఒళ్లు జారుతుంది, తల జారదు. ఈ వాక్యంలో వ్యంగ్యం ఏమీ లేదు. భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి: ఐదు పట్టీలూ ఒకే బకిల్‌లో కలవాలి. భుజం పట్టీల్ని అన్నిటికన్నా కింది రంధ్రాల్లోకి మార్చాలి. పట్టీకీ ఒంటికీ మధ్య ఒక వేలు దూరాలి, పిడికిలి కాదు.

ఇక చక్రాలు. ఇక్కడ కుటుంబ సభ చేతులెత్తేసి విషయాన్ని మున్సిపాలిటీకి పంపాలి. కాలిబాట మీద కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలని, అంచు గట్టు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసి పెట్టింది. ఆ 1.8 మీటర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఇడ్లీ బండి, రెండు బుల్లెట్లు పోగా మిగిలింది ప్రామ్‌ది. బైకులు రాకుండా పాతిన స్తంభాల సందులోంచి బైకు దూరుతుంది, 60 సెంటీమీటర్ల ప్రామ్ ఇరుక్కుంటుంది. పోనీ గట్టు ఎక్కిద్దామా? మన దగ్గర అమ్మే చాలా ప్రామ్‌ల ముందు చక్రం ఆరంగుళాలు. అంటే సుమారు 150 మిల్లీమీటర్లు. రూల్ ప్రకారం కట్టిన గట్టే చక్రమంత ఎత్తు, రూల్ లేకుండా కట్టిన దాని సంగతి చెప్పక్కర్లేదు. ముందుకి తోస్తే ఢీకొట్టి ఆగుతుంది, బిడ్డ ముందుకి ఊగుతాడు. బండిని వెనక్కి తిప్పి, వెనక చక్రాల్ని ముందు ఎక్కించి లాగాలి. దిగేటప్పుడూ వెనక చక్రాలే ముందు.

కాలనీ రోడ్ల మీద తిప్పే ఉద్దేశం నిజంగా ఉంటే ఎనిమిది, పది అంగుళాల రబ్బరు చక్రాలు, స్ప్రింగు సస్పెన్షన్ తీసుకోండి. గాలి టైర్లు మెత్తగా పోతాయి, పంక్చరూ అవుతాయి. లోపల ఫోము నింపినవాటికి ఆ బాధ లేదు. గతుకుల్లో ముందు చక్రాల మెలి తిరగడాన్ని లాక్ చేయాలి, లేకపోతే అవి గజగజలాడి డ్రైనేజీ పలకల సందులో అడ్డంగా దిగబడతాయి. సీటు ఎంత ఎత్తుంటే అంత మంచిది. కింది వరస సీట్ల ఎదురుగా ఉండేది ఆటో సైలెన్సరే. షాపింగ్ మాల్‌కి, మెట్రో లిఫ్టుకి మాత్రమే అనుకుంటే ఆరుకిలోల చిన్నది చాలు. సభ కొనేది మాత్రం కొండలెక్కే చక్రాలది, తీసుకెళ్లేది మాల్‌కి.

ఎండ వచ్చిందంటే తువాలు కప్పేస్తారు. స్వీడన్‌లో ఓ దినపత్రిక ఇదే చేసి చూసింది. 22 డిగ్రీలున్న ప్రామ్ మీద పలచటి గుడ్డ కప్పితే అరగంటలో 34, గంటకి 37. అది స్వీడన్. రెంటచింతల మే నెలకి ఆ లెక్క మీరే కట్టుకోండి. గాలాడే జాలీ ఉన్న టాపు, బిగుతుగా నిలిచి మొహానికి తగలని దోమతెర కావాలి. వాన కవరు వాన ఆగగానే తీసేయాలి. బిడ్డని పెట్టేముందు బకిల్‌ని మీ ముంజేతికి ఆనించి చూడండి, ఎండలో నిలిపిన ఇనుము దోసె పెనమే.

మడత గురించి ఒక మాట. గొడుగులా ముడుచుకునే బగ్గీని 1965లో రూపొందించింది ఓవెన్ మెక్లారెన్. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి చక్రాల యంత్రాంగం గీసిన ఇంజనీరు. అంతటివాడి పేరుతో ఉన్న బగ్గీలే 2009లో అమెరికాలో సుమారు పది లక్షలు వెనక్కి పిలిచారు. మడత కీలులో పడి పన్నెండు మంది పిల్లల వేలి చివరలు తెగాయి. కాబట్టి 'ఒక్క చేత్తో మడత' అని మురిసే బాబాయిని రెండో చేత్తో పెద్దపిల్లాణ్ని దూరంగా పట్టుకోమనండి. తెరిచినప్పుడు ప్రధాన లాక్ టక్కుమన్నాక, రెండో లాక్ కూడా పడిందో లేదో హ్యాండిల్ నొక్కి చూడాలి.

ఇవన్నీ చూసి కొన్న ప్రామ్ ఆర్నెల్లకి బాల్కనీలో ఆరిన బట్టలు మోస్తుంటుంది, ఏడాదికి సెకండ్ హ్యాండ్ ప్రకటనగా మారుతుంది: "కొత్తది, రెండుసార్లే వాడాం." కొనేవాళ్లు రివెట్ల దగ్గర తుప్పు, చక్రాల ఊగులాట, బ్రేకు పళ్ల అరుగుదల చూసుకోవాలి. అమ్మేవాళ్లు మాత్రం ఒకటే చూపిస్తారు, గర్వంగా: బకిల్ మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదట.