ఎనభై షిఫ్టుల సూది

మన ఔషధ కర్మాగారాల్లో పిరికితనం రోజురోజుకూ పెరిగిపోతున్నదని, దాన్ని సకాలంలో అరికట్టకపోతే ధైర్యానికి పేరుపడిన తెలుగువారి పరువు గంగలో కలిసిపోతుందని సంబంధిత అధికారులకు సవినయంగా మనవి చేసుకోవడం పౌరుడిగా నా బాధ్యత అనుకుంటున్నాను. ఇది ఊరికే చేస్తున్న ఆరోపణ కాదు, కళ్లారా చూసిన సంగతి. మా మేనల్లుడు హైదరాబాదు శివార్లలోని ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో కెమిస్టుగా పనిచేస్తున్నాడు. సేఫ్టీ వారోత్సవాలకు ఉద్యోగుల ఇంటివాళ్లను పిలిచినప్పుడు నేనూ వెళ్లి, డెక్సామెథసోన్ అనే కార్టికోస్టెరాయిడ్ పొడిని తూచే గదిని అద్దానికి ఇవతల నిలబడి తిలకించాను.

ఆ పొడి చూడటానికి బియ్యప్పిండి కంటే అమాయకంగా ఉంది. దాన్ని తూచడానికి వచ్చిన ఇద్దరు మాత్రం తల నుంచి కాలి వేళ్ల దాకా తెల్లటి తొడుగుల్లో మునిగిపోయి, నడుముకు కట్టుకున్న చిన్న మోటారు వడపోసి పంపే గాలిని ముసుగులో పీలుస్తూ, చంద్రమండలానికి బయలుదేరినవాళ్లలా ఉన్నారు. ఇంతా చేసి వాళ్లు ఆ పొడిని నేరుగా ముట్టుకోనేలేదు. పొడి ఒక స్టీలు పెట్టెలో ఉంది. దాన్ని ఐసోలేటర్ అంటారట. పెట్టె గోడకే బిగించిన పొడవాటి రబ్బరు గ్లవుజుల్లోకి భుజాల దాకా చేతులు దూర్చి, గేదెకు పురుడు పోస్తున్న పశువుల డాక్టరులా వాళ్లు లోపల తడుముకుంటున్నారు. గదిలో గాలి పీడనాన్ని కావాలనే వరండాలో కంటే తక్కువగా ఉంచుతారని, తలుపు తీస్తే బయటి గాలి లోపలికి పోవాలే తప్ప లోపలి గాలి గడప దాటకూడదని మా వాడు వివరించాడు. పొడి కింద ఒలికితే చీపురు పట్టకూడదట, కంప్రెసర్ గాలితో ఊదకూడదట, తడిగుడ్డతోనే అద్ది తీయాలట. పని ముగిశాక తొడుగుతో సహా నీటి తుంపర్ల కింద నిలబడి, ఆ తర్వాతే దాన్ని విప్పాలట. ఆ బట్టలు ఉతకడానికి ఇంటికి తీసుకుపోవడం పూర్తిగా నిషిద్ధం.

గోడకు తగిలించిన ఎం.ఎస్.డి.ఎస్. కాగితాలను, అంటే పదార్థంతో వచ్చే ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రాలను కూడా చదివాను. పదహారు విభాగాలున్న ఆ కాగితాల్లో, గుండెల్లో నక్షత్రం పేలినట్టున్న మనిషి బొమ్మ ఒకటి వేసి, దాని పక్కన కడుపులోని బిడ్డకు హాని జరగవచ్చని, ఎక్కువ కాలం తగిలితే అవయవాలు దెబ్బతినవచ్చని రాసిపెట్టారు. ఇలాంటి సంగతులను కార్మికులకు దాచకుండా చెప్పాలని వెనకటి ఫ్యాక్టరీల చట్టంలో 41బి అనే సెక్షనే పెట్టారట. భయపెట్టడానికి కూడా చట్టం చేసుకున్న జాతి మనది.

అసలు దేనికింత గొడవ అని అడిగితే లెక్క చెప్పారు. ఇలాంటి ఘాటైన స్టెరాయిడ్ల విషయంలో, ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములకు మించి పొడి తేలకూడదన్నది కంపెనీలు తమకు తాము గీసుకునే గీత. కొన్నిటికి అంతకంటే తక్కువే. ఒక ఆవగింజను రెండు వందల ముక్కలు చేయగలిగితే, అందులో ఒక ముక్క బరువు ఇంచుమించు అంత. వెనకటి రోజుల్లో ఈ జాగ్రత్తలు లేని కర్మాగారాల్లో ఆ దుమ్ము పీల్చిన కార్మికులకు ముఖాలు ఉబ్బిపోయి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు పని మానేసిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మనకు కావలసిన కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేసేవి ఆ గ్రంథులే, ఈ పొడి దానికి ఘాటైన నకలు. బయటి నుంచి సరుకు ఉచితంగా వచ్చిపడుతుంటే అవి దుకాణం కట్టేస్తాయి. ఆ తర్వాత సరుకు హఠాత్తుగా ఆగిపోతే, మూసిన దుకాణం మర్నాడే తెరుచుకోదు. రక్తపోటు పడిపోయి మనిషి కూలబడతాడు. అందుకే ఈ మందు వాడేవాళ్లకు అసలైన డాక్టర్లు మోతాదును మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. కర్మాగారాల్లోనైతే ఉద్యోగుల రక్తం తీసి పొద్దుటిపూట కార్టిసాల్ ఎంత ఉందో చూస్తూ ఉంటారు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈ భయమంతా ఆ ప్రహరీగోడ లోపలే ఉండిపోవడం నన్ను కలచివేసింది. గోడ దాటి నాలుగు వీధులు నడిస్తే చాలు, ఇదే పదార్థంతో మన జనం ఎంత చనువుగా మసలుకుంటున్నారో తెలుస్తుంది. మా వీధి చివర ఆర్.ఎం.పి. డాక్టరుగారి దగ్గర జ్వరానికి, జలుబుకి, నడుం నొప్పికి, దురదకి, నీరసానికి, చివరికి ‘ఎందుకో మనసు బాగాలేదు’ అనేదానికి కూడా ఒకటే సూది. రెండు మిల్లీలీటర్ల డెక్సా సీసాలో 8 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. డాక్టరుగారు దాన్ని నొప్పుల మందుతో కలిపి, సిరంజిని వెలుతురు వైపు ఎత్తి ఒకసారి వేలితో తట్టి, ఆ మీటిన వేలితోనే రోగిని పక్కకు తిరగమంటారు. ముసుగు లేదు, ఐసోలేటర్ లేదు. వరండా గాలి, లోపలి గాలి, పక్కనున్న మిర్చిబండి గాలి అన్నీ ఒక్కటే.

ఎనిమిది గంటల షిఫ్టులో కార్మికుడు సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడని సేఫ్టీవాళ్లు అంచనా వేస్తారు. అంటే ముసుగు లేకుండా, గీత అంచున నిలబడి పనిచేసినా, రోజుకు అతని లోపలికి పోయేది 100 మైక్రోగ్రాములు. ఒక్క సూదిలో ఉన్నది 8,000. కర్మాగారంలో ఎనభై షిఫ్టులు పనిచేస్తే గానీ దక్కని దాన్ని మన డాక్టరుగారు అర నిమిషంలో, అదీ పక్కింటివాళ్ల క్షేమం అడుగుతూ, అందించేస్తున్నారు. ఉత్పాదకత అంటే ఇదీ.

ఆ సూది పనిచేయదని నేననడం లేదు. తంటా అంతా అది పనిచేయడంతోనే. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో కదల్లేని ఒక స్త్రీకి ఇదే జాతి మందైన కార్టిజోన్ ఇస్తే రోజుల్లోనే లేచి నడిచింది, 1950లో దానికి సంబంధించిన ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసం ముదిరినవాళ్లను ఈ మందులు బతికిస్తాయి. 2020లో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సా మరణాలను తగ్గిస్తుందని, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు దానివల్ల మేలు లేదని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. మనవాళ్లు ఆ వాక్యంలో మొదటి సగం చదివి మందుల షాపుకు పరిగెత్తారు. మరుసటి ఏడాది షుగరు పెరిగి, నల్లఫంగస్ సోకి ఎన్ని కళ్లు పోయాయో చెప్పుకుంటే వ్యంగ్యం సాగదు కాబట్టి వదిలేస్తున్నాను.

సూది అంటే భయపడే సుకుమారులకు క్రీము ఉంది. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ క్రీము 30 గ్రాముల ట్యూబులో 15 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. చర్మం అంతా పీల్చుకోదనుకోండి, అయినా దాన్ని పెళ్లిచూపులకు నెల ముందు నుంచి ముఖానికి పట్టించి, అమ్మాయి నిగారింపు చూసి మురిసిపోతారు. మానేసిన వారానికి ముఖం మంటెత్తుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. అలా రాయగా రాయగా చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, మొటిమలతో పాటు మీసం కూడా వస్తుంది. తామరకు రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం చల్లగా ఒళ్లంతా విస్తరిస్తుంది. 2018లో కేంద్రం ఇటువంటి పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదని కట్టడి చేసింది. ట్యూబు మీద ఆ హెచ్చరిక అచ్చేసి ఉంటుంది. దాన్ని మనవాళ్లు చీర అంచులాంటి అలంకారంగానే భావిస్తున్నారు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి రెండు మార్గాలు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, కర్మాగారాల్లో ఐసోలేటర్లను పాత ఇనుముకు అమ్మేసి, పొడి తూచే పనిని మా వీధి డాక్టరుగారికి అప్పగించడం. ఆయన దోసిలితోనే తూచగలరు. అది కుదరకపోతే రెండోది, మోకాళ్ల నొప్పులకు పొట్లాలు తినే మామ్మలకు తలా ఒక తొడుగు, ముసుగు, గాలి మోటారు మంజూరు చేయడం. ఆ పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలుపుతూ పట్టుబడినవాళ్లు ఎందరో ఉన్నారు. ముఖం పున్నమి చంద్రుడిలా ఉబ్బిన మామ్మను చూసి కోడలు ‘మందు బాగా పట్టింది, ఒళ్లు చేసింది’ అని సంతోషించేటప్పుడు, కనీసం ఆ ముఖం ముసుగులో ఉంటుంది.

ఈ ప్రతిపాదనలను కాగితం మీద పెట్టిన సాయంత్రమే, రక్తపోటు చూపించుకుందామని డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. బల్ల మీద నా పక్కన కూర్చున్న మనిషిని ఎక్కడో చూసినట్టనిపించింది. పలకరిస్తే, ఆనాడు ఐసోలేటర్‌లో భుజాల దాకా చేతులు దూర్చిన ఇద్దరిలో ఆయన ఒకరు. నడుం పట్టేసిందట.

“అక్కడ ఆ పొడికి అంత జాగ్రత్త పడతారు కదా, ఇక్కడ వేసేదీ అదేనని తెలుసా?” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “అది పౌడర్ సార్. గాలికి లేస్తది, లోపలికి పోతది. ఇది మందు గద.”

ఇంతలో పిలుపు వచ్చింది. ఆయన నడుం పట్టుకుని లేచి, తెర వెనక్కి వెళుతూ, “నిన్న కుడి దిక్కు ఏసిండ్రు సార్, ఇయ్యాల ఎడమ దిక్కు ఏయుండ్రి” అన్నాడు. నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. నూట అరవై.