హెలికాప్టర్ లేచేదాకా ఠాణాలోనే

ముఖ్యమంత్రి హనుమకొండకు వస్తున్నారంటే ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది విద్యార్థి సంఘాల పిల్లలకు. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు చప్పుడవుతుంది. బయట యూనిఫాంలో ఇద్దరు, మఫ్టీలో ఒకరు. ‘ఏం లేదు తమ్మీ, సారు ఒక్కసారి రమ్మంటున్నరు’ అంటారు. ఠాణాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోన్లు తీసుకుని, ఉప్మా తెప్పిస్తారు. సాయంత్రం హెలికాప్టర్ లేచిందని వైర్‌లెస్‌లో వినబడ్డాక సంతకం పెట్టించుకుని ఇంటికి పంపుతారు. ‘చలో హైదరాబాద్’ అన్నారంటే ఆశా వర్కర్లకూ, అంగన్‌వాడీ టీచర్లకూ, కాంట్రాక్టు లెక్చరర్లకూ ఇదే తంతు. మర్నాడు జిల్లా పేజీలో ‘పలువురి ముందస్తు అరెస్టు’ అని నాలుగు లైన్ల వార్త. అది వేసీ వేసీ మాకూ అలవాటైపోయింది. మమ్మల్ని భయపెడుతున్నది ఈ అలవాటే.

చట్టం ఏమంటోందో ఒకసారి చూద్దాం. ముందస్తు అరెస్టుకు ఆధారం పాత నేర విచారణ స్మృతి సీఆర్పీసీలో 151వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 170వ సెక్షన్. ఫలానా మనిషి కాగ్నిజబుల్ నేరానికి, అంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయదగ్గ నేరానికి పథకం వేశాడని పోలీసుకు తెలియాలి. అరెస్టు చేస్తే తప్ప ఆ నేరం ఆగదని అనిపించాలి. అప్పుడు కూడా 24 గంటలు దాటి ఉంచుకోవద్దు. మంత్రికి వినతిపత్రం ఇవ్వడం ఏ కాగ్నిజబుల్ నేరమో ఏ పోలీసు అధికారి అయినా రాసి పంపితే ఇదే పేజీలో వేస్తాం. ఇక హౌస్ అరెస్టు! కోర్టు ఉత్తర్వు లేకుండా మనిషిని వాడి ఇంట్లోనే బంధించే అధికారం పోలీసులకు ఏ సెక్షనూ ఇవ్వలేదు. డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన అరెస్టు మెమో ఏదీ, ఇంట్లోవాళ్లకు కబురు ఏదీ అని అడిగితే, ‘ఇది అరెస్టు కాదు కదా’ అంటారు. కాకపోతే పోతాం అంటే పోనివ్వరు.

పోలీసుల బాధ మాకు తెలియక కాదు. కాన్వాయ్‌కి ఎవడో అడ్డం పడితే సస్పెండయ్యేది ఎస్సై, సర్ది చెప్పుకోవాల్సింది ఏసీపీ. ఆ టెన్షన్ నిజమే. కానీ పై అధికారికి మాట రాకుండా చూసుకోవడానికి పౌరుడి ఒక రోజును లాక్కోవచ్చని రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

అసలు కోపం పోలీసుల మీద కూడా కాదు. ఈ పని చేయించే పార్టీల మీద. ఎందుకంటే ఇది చేతులు మారే కర్ర. మా ఊరి మైదానాలే సాక్ష్యం.

2022 మే 6న రాహుల్ గాంధీ హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రైతు డిక్లరేషన్ సభ పెట్టారు. మర్నాడు ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లడానికి మాత్రం అనుమతి దొరకలేదు. అడిగిన కాంగ్రెస్ విద్యార్థి సంఘం ఎన్‌ఎస్‌యూఐ పిల్లలు చంచల్‌గూడ జైల్లో ఉంటే రాహుల్ అక్కడికే వెళ్లి చూసి వచ్చారు. ఇది అప్రజాస్వామికమని కాంగ్రెస్ గొంతు చించుకుంది. అదే ఏడాది ఆగస్టులో బండి సంజయ్ పాదయాత్రను జనగామ దగ్గర ఆపి ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు. యాత్రకు హైకోర్టు అనుమతి, అదే ఆర్ట్స్ కాలేజీలో ముగింపు సభకూ హైకోర్టు అనుమతి. బీజేపీ గొంతు చించుకుంది. నవంబర్‌లో నర్సంపేట దగ్గర అప్పటి వైఎస్సార్టీపీ అధ్యక్షురాలు షర్మిల బస్సు తగలబడింది. అరెస్టయింది మాత్రం షర్మిలే. ఆమె కూడా హైకోర్టుకే వెళ్లాల్సి వచ్చింది. ఈ ముగ్గురికీ అడ్డం పడిన బీఆర్ఎస్, 2025 ఏప్రిల్‌లో ఎల్కతుర్తిలో రజతోత్సవ సభ పెట్టుకుందామనుకునే సరికి ఏమైంది? అనుమతి కోసం తానే హైకోర్టు తలుపు తట్టింది. ఈసారి గొంతు చించుకోవడం గులాబీ వంతు.

మూడేళ్లు నిండలేదు. ఒక్క జిల్లా చుట్టుపక్కలే ఇన్ని పార్టీలు ఒకే క్యూలో నిలబడ్డాయి. కౌంటర్ లోపల కూర్చున్నప్పుడు నేర్పిన ఆనవాయితీనే కౌంటర్ బయట నిలబడ్డప్పుడు తిడుతున్నాయి. హైదరాబాద్‌లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను 2017లో ఎత్తేసింది ఎవరు? టీఆర్ఎస్ ప్రభుత్వం. 2018లో హైకోర్టు చెబితే గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోలు కోసం కేంద్రం మీద ధర్నాకు ముఖ్యమంత్రి కేసీఆర్ వెళ్లి కూర్చున్నది ఎక్కడ? అదే ధర్నాచౌక్‌లో. సిగ్గుపడాల్సిన రోజది. ఎవరూ పడినట్టు కనిపించలేదు.

కాంగ్రెస్ సంగతి ఇంకా విచిత్రం. 2023 డిసెంబర్ 7న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు కోయించి జనానికి చూపించింది. ఆరు గ్యారంటీలకు తోడు ప్రజాస్వామ్యం ఏడోదని చెప్పుకుంది. మేమూ సంతోషించాం. ఆ కంచెలు ఎక్కడికీ పోలేదని, విడిభాగాలుగా జిల్లాలకు చేరి ఒక్కో కార్యకర్త గుమ్మం ముందు నిలబడ్డాయని ఇప్పుడు తెలుస్తోంది. ఇక బీజేపీ. 2023 ఏప్రిల్‌లో బండి సంజయ్‌ను అర్ధరాత్రి కరీంనగర్‌లో ఇంట్లోంచి ఎత్తుకుపోయి హనుమకొండ కోర్టులో హాజరుపరిస్తే అది ఎమర్జెన్సీ అన్న పార్టీ, సంస్థనే కాదు ఏ వ్యక్తినైనా ఉగ్రవాది అని ప్రకటించేలా 2019లో ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టాన్ని సవరించింది. మరి దాన్నేమనాలో?

ఆ చట్టం మన అడవి దాకా వచ్చింది కూడా. ములుగు జిల్లా తాడ్వాయి ఠాణాలో 2022 ఆగస్టులో కట్టిన ఉపా కేసులో 152 పేర్లు. అందులో పౌరహక్కుల నేత ప్రొఫెసర్ హరగోపాల్ పేరుంది. అప్పటికి రెండేళ్ల కిందటే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ సురేశ్ పేరూ ఉంది. 2023 జూన్‌లో సంగతి బయటపడి గోల అయ్యాక ముఖ్యమంత్రి చెబితే హరగోపాల్ పేరు తీసేస్తామన్నారు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఉండాలా వద్దా అన్నది ముఖ్యమంత్రి దయ మీద ఆధారపడిందంటే, అది చట్టమా, జాగీరా?

జాగీరు అన్న మాట ఊరికే వాడలేదు. 1929లో నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. అనుమతి లేకుండా సభ పెట్టొద్దు, అంతే. ఆంధ్ర మహాసభ వాళ్లు ప్రతి సమావేశానికీ కాళ్లరిగేలా తిరిగింది ఆ కాగితం కోసమే. ఆ రోజులు పోయాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటున్నాం. కానీ ఇప్పుడు మన కమిషనరేట్లలో నెలనెలా పొడిగిస్తున్నామని ప్రకటనలు ఇచ్చే సిటీ పోలీస్ యాక్ట్ ఏ కాలంది? నిజాం కాలపు లెక్కలో 1348 ఫస్లీ. అంటే ఇంగ్లిష్ లెక్కలో 1938-39. వరంగల్, కరీంనగర్, రామగుండం ఏదైనా సరే, ‘ముందస్తు అనుమతి లేకుండా ధర్నాలు, ర్యాలీలు నిషేధం’ అన్న వాక్యం అక్షరం పొల్లు పోకుండా అదే. రాజు పోయాడు, రాష్ట్రాలు మారాయి, ప్రత్యేక తెలంగాణ వచ్చింది, ఫస్లీ చట్టం మాత్రం భద్రంగా ఉంది. ఏకశిల పార్కు దగ్గర టెంటు వేయాలన్నా ఈనాటికీ దానికే దండం పెట్టాలి. కాళోజీని ఊళ్లో ఉండొద్దని వరంగల్ నుంచి బహిష్కరించింది నిజాం సర్కారే. ఆయన పేరుతో 2024 నవంబర్‌లో కళాక్షేత్రం తెరిచిన పాలకులకు ఆయన దేనికి జైలుకు పోయాడో గుర్తుందా అని అడగాలనిపిస్తుంది. పిల్లల డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు ఇది. ఆయన చేసిన తప్పు పౌరహక్కులు అనడం. అదుపు లేని అధికారం ఎంతదాకా పోగలదో ఈ ఊరికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య మన కుర్రాళ్లలో కొందరు ప్రభుత్వం చిన్నగా ఉండాలంటున్నారు. పోలీసు, కోర్టు, సరిహద్దు వరకు చూసుకుని మిగతాది మనుషులకు వదిలేయాలని వాదన. కొత్తదేమీ కాదు. ‘లైసెన్స్ పర్మిట్ రాజ్’ అన్న మాట పుట్టించిన రాజాజీ 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీకి 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 సీట్లుండేవి. ఆ వాదనతో మేం పూర్తిగా ఏకీభవించం. ఎంజీఎం దవాఖాన లేకపోతే ఉత్తర తెలంగాణ పేదవాడు ఎక్కడికి పోతాడు, ఎస్సారెస్పీ కాలువ ఏ వ్యాపారి తవ్వేవాడు? కానీ సర్కారు దవాఖానలో ఎంత పెద్దగా ఉన్నా సరే, మనిషి గడప దగ్గర చిన్నగా ఉండాలన్న మాట ముమ్మాటికీ నిజం. చిత్రమేమంటే చిన్న ప్రభుత్వం కోరేవాళ్లు కూడా పన్ను దగ్గర మొదలుపెట్టి పన్ను దగ్గరే ఆగిపోతారు, లాఠీ దాకా రారు.

ప్రభుత్వానికి తగ్గడం చేతకాదా అంటే, ఎందుకు చేతకాదు? పరిశ్రమ పెట్టేవాడి కోసం 2014లో టీఎస్ ఐపాస్ తెచ్చారు. పెద్ద ప్రాజెక్టు అయితే 15 రోజుల్లో తేల్చాలి, గడువులోగా ఆఫీసరు పలకకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2020లో టీఎస్ బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. యజమాని సొంత ధ్రువీకరణను నమ్ముతామన్నారు. మంచిదే. మరి మైకు పెట్టుకునే పౌరుడి ధ్రువీకరణను ఎందుకు నమ్మరు? ‘మేం వంద మందిమి, ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా ఏకశిల పార్కు దగ్గర కూర్చుంటాం’ అని కాగితం ఇస్తే, ఎందుకు వద్దో 48 గంటల్లో రాసివ్వాలి, లేకపోతే అనుమతి ఇచ్చినట్టే అని ఒక్క చట్టం ఎందుకు రాదు? పెట్టుబడికి సెల్ఫ్ సర్టిఫికేషన్, ప్రజలకు పోలీస్ కమిషనర్ గారి దయ. ఇదెక్కడి సరళీకరణ?

ఇక మనం కూడా అద్దంలో చూసుకోవాలి. 1986 నాటి పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) గూండాలకు, నాటు సారా కాసేవాళ్లకు అన్నారు. 2018 నాటికి అందులోకి నకిలీ విత్తనాలు, నకిలీ పురుగుమందులు, కల్తీ, ఫోర్జరీ, జూదం అన్నీ వచ్చి చేరాయి. నకిలీ పత్తి విత్తనాలమ్మినవాడి మీద పీడీ యాక్టు పెట్టారంటే ఎనుమాముల మార్కెట్‌లో చప్పట్లు కొట్టింది మనమే. ఈ పత్రిక కూడా పతాక శీర్షిక పెట్టింది. మొలక రాని గింజతో అప్పులపాలైన రైతు కోపం ఎవరికి అర్థం కాదు? కానీ ఆ దొంగను మామూలు చట్టం కింద కోర్టులో నిలబెట్టి శిక్ష వేయించడానికి చేతగాక, విచారణ లేకుండా ఏడాది దాకా లోపలేసే దారి పట్టారు. ఇవాళ విత్తనాల వ్యాపారి, రేపు ఇంకెవరో. 2022లో ఒక ఎమ్మెల్యేనే లోపలేశారు, హైకోర్టు విడిపించింది. తెలంగాణ పోలీసులు ఈ చట్టాన్ని ఎడాపెడా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్‌లో ఒకసారి, 2024 మార్చిలో మరోసారి మందలించింది. ఈ నిర్బంధాలను సమీక్షించే సలహా బోర్డులు రబ్బరు స్టాంపులు కావొద్దంది. 2008 డిసెంబర్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు ‘ఎన్‌కౌంటర్’ అయితే వరంగల్ పూలదండలు వేసింది. 11 ఏళ్ల తర్వాత చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురు. ఈసారి పూలు ఆకాశం నుంచి చల్లినట్టే కురిశాయి. అది కావాలని చేసిన కాల్పులేనని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పేనాటికి ఆ పూలు వాడిపోయాయి. ఆనవాయితీ మాత్రం వాడలేదు.

కాబట్టి ప్రతిపక్ష నాయకులారా, గేటు ముందు పోలీసును నిలబెట్టారని వీడియో తీసి పంపడం ఇక ఆపండి. మీ హయాంలో అదే గేటు ముందు నిలబడ్డ పోలీసు మాకు గుర్తున్నాడు. అధికార పక్షం వాళ్లారా, మీ హయాం అయిపోయాక మీరు పంపబోయే వీడియో ఎలా ఉంటుందో కూడా మాకు తెలుసు. పీడీ యాక్టు రాష్ట్ర చట్టం. 1348 ఫస్లీ చట్టమూ శాసనసభ చేతిలో ఉన్నదే. ఢిల్లీ అడ్డం పడింది అనడానికి వీల్లేదు. తమకు జరిగింది అన్యాయమని ఏ పార్టీ అయినా నిజంగా నమ్మితే, దాని ఎమ్మెల్యేల్లో ఒక్కరు వచ్చే సమావేశాల్లో సవరణ కోరుతూ ప్రైవేటు బిల్లు పెట్టాలి. దానికి పోలీస్ కమిషనర్ అనుమతి అక్కర్లేదు.